డూ, మేక్

పెనం మీద మొక్కజొన్న రొట్టె పొంగుతోంది. ఒటీలియా చూపు దాని మీదే ఉన్నా ధ్యాస అక్కడ లేదు. "డూ యువర్ హోంవర్క్. డూ. డూ," అని పెదవులు కదుపుతూనే ఉంది. రొట్టె మాడింది.

బూట్లు తొడుక్కుంటున్న కూతురు మార్లేని నవ్వింది. "అమ్మా, ఎవరైనా వింటే నీకు పిచ్చి పట్టిందనుకుంటారు."

"నవ్వవే, నవ్వు. వంటకి మేక్, పక్క సర్దడానికీ మేక్. మరి హోంవర్క్ ఏం పాపం చేసింది?"

"మన స్పానిష్‌లో అన్నిటికీ ఒకటే మాట, వీళ్ళ ఇంగ్లిషులో రెండు. హోంవర్క్ మేక్ అంటే టీచరమ్మలా నువ్వే తయారుచేసి ఇస్తున్నట్టు. ఇచ్చింది పూర్తి చేస్తే డూ."

ఒటీలియా పొట్టి మనిషి. మణికట్లు లావు. బ్లీచింగ్ నీళ్ళకు వేళ్ళ చర్మం పగుళ్ళిచ్చింది. ఎల్‌సాల్వడార్ నుంచి నెబ్రాస్కా వచ్చినప్పటి నుంచీ ఊళ్ళో ఒక బడి నేలలే తుడిచింది. మోకాళ్ళు మొరాయించాక, నిరుటి శీతాకాలం ముందు ఆమెకొక కుర్చీ ఇచ్చారు. బడి వదిలాక, తల్లిదండ్రులు వచ్చేదాకా పిల్లలను కూర్చోబెట్టి చదివించే పని. ఆమె మాట పట్టుకుని పిల్లలు ఇంటికెళ్ళి "ఐ మేడ్ మై హోంవర్క్" అంటున్నారని ఫిర్యాదులొచ్చాయి. ఇవాళ పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఆమె ఇంగ్లిషు వింటాడు.

బస్సు కోసం మంచులో నిలబడినప్పుడే ఎడమ భుజం, గుండె బరువెక్కాయి. భయం గుండెల మీద కూర్చుంటుందని తల్లి చెప్పేది. అదే అనుకుంది.

సాయంత్రం ఆయన వెనక బల్ల దగ్గర, కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒటీలియా బల్ల మీది పెన్సిళ్ళు సర్దుతూ ఉండిపోయింది. పిల్లల గోల పెరిగింది. బ్రిన్ అనే పిల్ల లేచి నిలబడింది.

"మిస్, ఇప్పుడేం చెయ్యాలి?"

వీపంతా చెమట. "డూ..." ఆయన వైపు చూసింది. "డూ యువర్ హోంవర్క్."

పిల్లలు పుస్తకాలు తీశారు. అంతే.

ఆయన వెళ్తూ వెళ్తూ ఆగాడు. "పిల్లలు మీ మాట వింటున్నారండీ. మీ పనికేం ఢోకా లేదు."

ఒటీలియా తలూపింది. భయం దిగిపోవాలి. దిగలేదు. బరువు చేతిలోకి పాకింది, దవడలోకి ఎక్కింది. ఇది ఆ భయం కాదని అప్పుడు తెలిసింది.

ఈ చదువు గదులు చూసుకునే డార్లా తలుపు దగ్గర నుంచి తొంగి చూసింది. "ఏంటి ఒటీలియా, మొహం అలా పాలిపోయింది? గండం గడిచిందిగా!"

నొప్పి అని చెప్పాలి. గుండె నొప్పికి డూ అనాలా, మేక్ అనాలా? రెండు మాటలూ నాలుక మీద తచ్చాడాయి. తప్పు పలికితే? ఆయన ఇంకా వరండాలోనే ఉన్నాడేమో.

"ఏం లేదమ్మా," అంది.

డార్లా వెళ్ళిపోయింది. ఒటీలియా బ్రిన్ కోసం కమలాపండు వలవడం మొదలుపెట్టింది. గదిలో పెన్సిళ్ళ చప్పుడు తప్ప మరేం లేదు. పిల్లలు తలలు వంచుకుని రాస్తున్నారు.

"మిస్, ఐ డిడ్ మై హోంవర్క్!" బ్రిన్ పరుగున వచ్చింది. "మిస్? మిస్, చూడండి!"

ఒటీలియా తల గోడకు వాలి ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. పిల్ల అరిచిన అరుపుకు డార్లా పరుగెత్తుకొచ్చింది. అంబులెన్సు వాళ్ళు వచ్చేసరికే ఆలస్యమైంది.

దీపాలు పెట్టే వేళకు మార్లేని తల్లి కోటు తీసుకుపోవడానికి వచ్చింది. బల్లను ఎవరూ తుడవలేదు. దాని మీద సగం వలిచిన కమలాపండు, తొక్క ఇంకా తెగకుండా బల్ల అంచు దాకా వేలాడుతోంది.