శుభలేఖల వెనుక నక్షత్రం

నేను ఒక దూరదర్శినిని. ఇనుప గొట్టానికి కళ్లజోళ్ల దుకాణంలో కొన్న అద్దాలు బిగించి, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే విశ్వంభరాచార్యులు తన డాబా మీదే నన్ను తయారుచేశారు. నాలోంచి చూస్తే ఏదైనా తలకిందులుగా కనిపిస్తుంది. మనుషుల్ని చూడ్డానికి అదే సరైన పద్ధతని నాకు తొందరగానే అర్థమైంది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఒకే ఒక్క ఎర్ర నక్షత్రాన్ని చూశారు. దాని వెలుగు పుస్తకాల్లో రాసినట్టు కాకుండా ఇష్టమొచ్చినట్టు పెరిగి తరుగుతోందనేవారు. తోటి మేధావులు ఆయనకు చుక్కలస్వామి అని పేరు పెట్టారు, ప్రమోషన్ ఎగ్గొట్టారు, చివరికి లెక్కలు రాసుకోవడానికి కాలేజీ కాగితాలివ్వడమూ మానేశారు. వాళ్లలో ఒక్కడూ నాకు కన్ను ఆనించిన పాపాన పోలేదు. మెడ పట్టేస్తుందట.

ఆచార్యులు ఏ పెళ్లికీ వెళ్లేవారు కాదు గానీ, శుభలేఖ వస్తే కళ్లకద్దుకునేవారు. దళసరి అట్ట, వెనకంతా ఖాళీ. నక్షత్రం ఏ రోజు ఎంత వెలిగిందో అక్కడ రాసుకునేవారు.

ఆయన పోయాక, ఆ నక్షత్రం తీరు నిజంగా అలాగే ఉందని పరిశోధకులు తేల్చారు. పాత వివరాలెక్కడైనా ఉంటే కావాలన్నారు. దాంతో కాలేజీకి ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. నాన్న దాన్ని ముందే కనిపెట్టారని ఇప్పటికైనా రుజువవుతుందని ఆయన కూతురు హైమవతి శుభలేఖలన్నీ, వాటితోపాటు నన్నూ, కాలేజీ గ్రంథాలయానికి ఇచ్చేసింది.

వాటి ప్రదర్శనకి ప్రారంభోత్సవం ఘనంగా చేశారు. ప్రమోషన్ ఎగ్గొట్టినవాళ్లే మైకు ముందు కళ్లు తుడుచుకున్నారు. నాకు దండ వేశారు, అదీ అద్దానికి అడ్డంగా. తర్వాత, శుభలేఖలు అంటించిన ఆల్బమ్‌లలో ఒకటి తెరిచారు. పేజీ నిండా వినాయకులు, వెంకటేశ్వరులు, వధూవరుల పేర్లు.

"మా నాన్న రాసిందేదండీ?" అని హైమవతి అడిగింది.

"వెనకుందమ్మా," అన్నాడు లైబ్రేరియన్. "దేవుడి బొమ్మని బోర్లా పెట్టి జిగురు పూస్తే కళ్లు పోవూ?"

పెద్దలందరూ నిజమేనని తలలూపారు. ఇంత చదువుకున్న మూర్ఖత్వాన్ని నేనెక్కడా చూడలేదు.

హైమవతి ఒక శుభలేఖ కిందికి గోరు పోనిచ్చి మెల్లగా లేపింది. అట్ట చేతికొచ్చింది, అక్షరాలు జిగురులోనే చెదిరిపోయాయి. ఆమె అందరి ముందూ ఏడ్చేసింది.

ప్రిన్సిపాల్ గబగబా ఆల్బమ్‌లన్నీ గాజు బీరువాలో పెట్టించి తాళం వేయించాడు. తర్వాత ఆమె దగ్గరకొచ్చి ఓదార్చాడు.

"ఇకమీదట ఎవర్నీ ముట్టుకోనివ్వం. మీ నాన్నగారి కాగితాలకి ఏ ఢోకా లేదమ్మా."