బయల్దేరిన చోటికే

నేను ఒక జీలుగు బెండును. తిండితో నాకు పని లేదు. అయినా ఆగస్టు పదమూడో తేదీ అనగానే ముందుగా గుర్తుకొచ్చేది చల్ది అన్నం, ఎండు నెత్తళ్ళ వేపుడు. ఆ పొద్దున ఓలేటి ధర్మయ్య కాలవ వంతెన గోడ మీద కూర్చుని అవి తిని, చెయ్యి కడుక్కుని, ఆ తడి చేత్తోనే నన్ను పాత వల నుంచి విప్పాడు.

విప్పే ముందు కాస్త ఆగాడు. నన్ను చేసింది అతని భార్య నూకరత్నం. గట్టున మొలిచిన జీలుగు కాడ కోసి, ఎండబెట్టి, కత్తిపీట మీద నున్నగా తీర్చి, వల అంచుకు కట్టింది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆ చేతి ముడి విప్పడానికి అతని గోళ్ళు చాలలేదు. అలాగని కత్తి పెట్టి కోయనూ లేదు. మెల్లగా, ఎంతసేపయినా సరే, ముడి విప్పే తీశాడు. వలలో ఉన్నన్నాళ్ళూ నాకు ఒకటే పని, మునగకుండా ఉండటం. అది నాకు బాగా అర్థమైన పని. అర్థం కావడమన్నది ఆ రోజుతో సరి.

నన్ను అడిగి తీసుకున్నది మురుగు కాలవల ఇంజనీరు ఇందుమతి. వారం రోజుల వానకి ఊరి చేలన్నీ మునిగిపోయి ఉన్నాయి. చోడిశెట్టి ఆదిలక్ష్మి కౌలుకు చేసే రెండెకరాలు అన్నిటికన్నా పల్లం. అందులో వేసినవి లేత ఊడ్పులు. ఇంకో మూడు రోజులు నీళ్ళ కింద ఉంటే కుళ్ళిపోతాయి. ఆ నీరంతా ఈ కాలవలోంచే సముద్రానికి పోవాలి. పోతోందా, పోతే ఎంత వేగంతో పోతోందన్నది తేల్చడానికి నాకు ఎర్ర రంగు పూశారు.

వంతెన దగ్గర నన్ను నీళ్ళలో వదిలేవారు. దిగువన, కాలవకి అడ్డంగా వేసిన తాటిదుంగ మీద నిలబడి ధర్మయ్య నన్ను చేతివలతో అందుకునేవాడు. మధ్య దూరం నూట యాభై మీటర్లు. ఇందుమతి గడియారం చూసుకునేది. ఐదు నిమిషాలు పట్టింది. దూరాన్ని కాలంతో భాగించి, "సెకనుకు అర మీటరు" అంది.

నా మొదటి అయోమయం ఇక్కడే. నేను కదిలినట్టు నాకు తెలియనే లేదు. నేనూ నీళ్ళూ కలిసి ఒక చోటే కూర్చున్నాం. గట్లే వెనక్కి నడిచాయి. నా మీద తూనీగ ఒకటి వాలి, దుంగ దాకా రెక్క కదపకుండా కూర్చుంది. దానికీ ఏమీ తెలిసినట్టు లేదు. మరి ఆ అర మీటరు ఎవరిదో!

"రేపటికి లాగేత్తదంటారా మేడంగారూ?" అని ఆదిలక్ష్మి అడిగింది. మోకాళ్ళ దాకా బురదతో, మునిగిన చేలోంచి అట్నుంచి అటే వచ్చింది.

"ఈ వేగంతో పోతే ఎల్లుండికి చేను బయటపడాలండి."

మూడుసార్లు అదే లెక్క వచ్చింది. నాలుగోసారి నేను ధర్మయ్య వల పక్కనుంచి జారిపోయాను.

"ఇన్నేళ్ళూ చేపల్నేం పట్టేవో గానీ బాబాయ్, రంగేసిన బెండు అందలేదు నీకు" అని ఆదిలక్ష్మి ఎగతాళి చేసింది.

"చేపయితే దానికీ కాస్త దారి తెలుద్దే. దీనికేం తెలుసు, నీళ్ళెటు పోతే అటే" అన్నాడతను.

ఆ మాట నిజం. నీళ్ళు పోయినంత దూరం పోయాను. రొయ్యల చెరువులు దాటాను, మడ చెట్లు దాటాను. తరవాత గట్లు నిలబడిపోయాయి. చాలాసేపు అలా నిలబడి, మెల్లగా నా ముందుకి నడవడం మొదలుపెట్టాయి. దాటిన మడ చెట్లే మళ్ళీ దాటాయి. నేను తిరిగింది లేదు, ఎవరూ తిప్పింది లేదు. మధ్యాహ్నం మూడు గంటల వేళ చూస్తే అదే వంతెన కింద, స్తంభానికి తట్టుకుని ఉన్నాను.

ఇందుమతి గోడ మీద కూర్చుని బస్సు కోసం చూస్తోంది. ఆదిలక్ష్మి ఇచ్చిన జామకాయ చేతిలో ఉంది. నన్ను చూసి కొరకడం మానేసింది.

"ధర్మయ్యగారూ, ఇంకో బెండుకి కూడా రంగు పూశామా?"

"లేదమ్మా. ఇది పొద్దుటిదే. సముద్రం పోటు తగిలి ఎనక్కొచ్చింది."

"ఇంత దూరం వస్తుందా పోటు?"

"ఆయ్, వత్తది. వానల్లో పైనుంచొచ్చే నీరు దాన్ని తోసేత్తదిలే అనుకున్నాం."

ఇందుమతి వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, చెరిపేసినట్టు చెయ్యి విదిలించి, మళ్ళీ వేసుకుంది. చివరికి ఆదిలక్ష్మి వైపు తిరిగి, "ఎంత దూరం నడిచిందో చూశాను గానీ, ఎటు నడిచిందో చూసుకోలేదు. బయల్దేరిన చోటికే వచ్చింది కాబట్టి మొత్తం మీద దీని వేగం సున్న. మీ చేలో నీరూ అంతే, పోతోంది, వస్తోంది" అంది.

"పొద్దున్న అర మీటరన్నారు, ఇప్పుడు సున్నా అంటున్నారు. ఏది నమ్మమంటారు?"

"రెండూ నిజమేనండి."

"రెండూ నిజమైతే నా చేను ఎప్పటికి తేల్తది?"

కాలవ సముద్రంలో కలిసే చోట తూము ఉంది. దాని తలుపు తొలకరికి పైకెత్తితే దీపావళి దాకా ఎవరూ దించరు. అది అక్కడి ఆనవాయితీ. ఆ తలుపును పోటు వేళకి దించాలి, పాటు తియ్యగానే, అంటే సముద్రం వెనక్కి తగ్గగానే ఎత్తాలి అని ఇందుమతి చెప్పింది.

ఆదిలక్ష్మి ముఖం పాలిపోయింది. "నీళ్ళు పోవాలంటే తలుపు మూయడవేంటండీ? మీరు మూసినాక వాన కొడితే, నా చేను ఇంక చూసుకోనక్కర్లేదు."

నాకూ అదే అనిపించింది. ఇందుమతి ముఖం చూస్తే ఆమెకీ పూర్తి ధైర్యం ఉన్నట్టు లేదు. బస్సు వచ్చింది. ఎవరూ చెయ్యెత్తకపోవడంతో వెళ్ళిపోయింది.

అప్పుడు ఆదిలక్ష్మి నీళ్ళలోకి దిగి నన్ను తీసింది. కొంగుతో తుడిచింది. తడవడమే నా పని అని తెలిసీ తుడిచింది; ఆ ఒక్కటీ నేను మరిచిపోలేదు. దుంగ దగ్గరికి నడిచి నన్ను తన చేత్తోనే వదిలింది. గట్టు వెంట నాతోపాటు నడుస్తూ, దూరమూ కాలమూ ఏమీ చూడకుండా నన్నే చూసింది. నేను సముద్రం వైపు కాకుండా వంతెన వైపు, ఆమె చేను వైపు తేలిపోయాను.

"ఇది నా చేలోకే వత్తంది" అంది మెల్లగా. తరవాత, "తలుపు దించు బాబాయ్" అంది.

ఆ రోజు నుంచి పోటు ఏ వేళకొస్తే ఆ వేళకి ఆదిలక్ష్మి, ధర్మయ్య వంతులు వేసుకుని తూము దగ్గర ఉన్నారు. మధ్యలో ఒక జల్లు కురిసింది. ఆ పూట ఆదిలక్ష్మి అన్నం ముట్టలేదు. తలుపు ఎత్తినప్పుడల్లా నీరు పోయింది, పోయిన నీరు తిరిగి రాలేదు. మూడో రోజు సాయంత్రానికి ఊడ్పు కొసలు కనిపించాయి, పసుపుపచ్చగా, నీరసంగా, కానీ నిలబడే ఉన్నాయి. ఒక పక్క మడి మాత్రం కుళ్ళిపోయింది. మిగతాది ఉంది కదా అని ఆమె దాని గురించి మాట్లాడలేదు.

వారం గడిచాక పొద్దువాలే వేళకి పోటు మొదలైంది. చేలలో ఇక ఉండాల్సిన నీరే ఉంది కాబట్టి, రాత్రి లేచి తలుపు ఎత్తే పని లేదు. ధర్మయ్య నన్ను తూము తలుపును ఎత్తి దించే చక్రం పక్క మేకుకి తగిలించాడు. వేగమంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఇక్కడి నుంచి చూస్తే నీళ్ళు కదులుతున్నాయి, నేను కదలడం లేదు.

తలుపు అంచున కొంగ ఒకటి తల ముడుచుకుని పడుకుంది. అది బెదరకుండా, ధర్మయ్య చక్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, ఆ రాత్రికి తలుపు దించేశాడు.