జిరాక్సులో నిలిచిన సన్నగీత

రెల్లు ఊగుతోంది.

మచిలీపట్నం శివార్లో, మురుగుకాలవ గట్టు మీద. కాడ వెంట్రుకంత సన్నం. పైన తెల్లటి కుచ్చు, బరువుగా. గాలి వచ్చినప్పుడల్లా కాడ విరుగుతుందనిపిస్తుంది.

విరగదు.

ఆ కాడను చూసే ఉమాశ్రీ అక్షరాలు గీసింది. పొట్ట దగ్గర నిండుగా, మలుపులో వెంట్రుకలా, కొస దగ్గర ఆనుకుని నిలబడటానికి ఒక చిన్న పాదం. ఆ ఫాంటుకి రెల్లు అనే పేరు పెట్టింది.

ఇంకా బయటికి వదల్లేదు. ఒక్కరికే ఇచ్చింది. తమ్ముడు కౌశిక్‌కి. గుడివాడ బస్టాండు దగ్గర శుభలేఖల షాపు అతనిది. ఆమె కొత్త అక్షరమేదైనా ముందు పెళ్ళి శుభలేఖ మీద నడవాలి. అది వాళ్ళిద్దరి పద్ధతి. పసుపు తడికీ చెమట చేతులకీ తట్టుకుంటే అక్షరం బతికినట్టే.

ఒక్కరికే ఇచ్చింది...

రెల్లు మొదటి అచ్చు సునీత శుభలేఖ. హంసలదీవి దగ్గర పల్లెలో చేపల వేటకెళ్ళే పోలయ్య కూతురు. ఆ పెళ్ళికి ఉమాశ్రీ కూడా వెళ్ళింది.

ఆ పోలయ్యే ఒక మధ్యాహ్నం ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో మడత కాగితం.

"అమ్మా, ఇది మా సునీత శుభలేఖలో రాతే గదా?"

"చదివారా పోలయ్య గారూ?"

"నాకు సదువెక్కడిదమ్మా! చేపని చూసి ఏ వల్లో పడిందో చెప్తాను. ఇదీ అంతే. ఆ శుభలేఖలు ఊరూరా తిరిగి పంచానా... కాళ్ళున్న అక్షరాలు. మర్చిపోతానా?"

ఆమె నవ్వబోయింది. కాగితం చూసింది. నవ్వు ఆగింది.

ఒప్పుకోలు పత్రం. చేపలు ఎండబెట్టుకునే దిబ్బను రొయ్యల చెరువులకి వదిలేస్తున్నామని పల్లె తరఫున రాసిచ్చినట్టు. కింద పోలయ్య తండ్రి వేలిముద్ర. తేదీ — రెండు వేల పన్నెండు.

ఆయన పోయి పదేళ్ళు.

రెల్లు మొదటి గీత పడి మూడేళ్ళు.

"దిబ్బ పోతే ఎనభై ఇళ్ళ ఆడోళ్ళు చేపలెక్కడ ఆరేస్తారమ్మా, తార్రోడ్డు మీదా? గురువారం అవనిగడ్డలో విచారణ. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి. ఈ అక్షరం ఎప్పుడు పుట్టిందో."

ఒక్క మాట.

అతను వెళ్ళాక ఆమె భూతద్దం తీసింది. జిరాక్సుకి తీసిన జిరాక్సు అది. కాగితమంతా నల్లటి నలుసులు. అయినా సన్నగీతలు నిలిచాయి. ఒక్కటీ తెగలేదు.

తెగాలి.

సునీత శుభలేఖలో ఉన్న రెల్లు ఇన్ని జిరాక్సులకి ఆగదు. గీసిన చేతికి ఆ సంగతి తెలుసు.

మరి ఇది?

సునీత పెళ్ళయ్యాక, వేసవిలో కౌశిక్ చేసిన ఫోను గుర్తొచ్చింది. "అక్కా, నీ సన్నగీతలు జిరాక్సులో ఎగిరిపోతున్నాయే. మరీ డైటింగులో ఉన్నాయి. కాస్త తిండి పెట్టు." ఆమె నవ్వింది. రెండు రోజులు కూర్చుని ప్రతి సన్నగీతకీ పిసరంత కండ పెట్టి పంపింది.

శుభలేఖని ఎవరైనా జిరాక్సు తీస్తారా?

అప్పుడు అడగలేదు. అప్పుడు అతను తమ్ముడు, అంతే.

గుడివాడ బస్సు. కిటికీ పక్కన కాలవ, కాలవ వెంట రెల్లు. ఈసారి ఆమె కాడల్ని చూడలేదు. కాడల చాటున ఏముందో అని చూసింది.

"చెప్పకుండా వచ్చావేంటక్కా? తనిఖీయా?" అన్నాడు కౌశిక్.

"లావు చేయించుకున్న రెల్లు దేనికి వాడావురా?"

"శుభలేఖలకే."

"ఏదీ, ఒకటి చూపించు."

మౌసు మీద అతని చెయ్యి ఆగింది.

"ఈ సిస్టం మీద నలుగురు కూర్చుంటారక్కా. ఎవడేం కొట్టాడో నాకేం తెలుసు?"

"ఎవరేం కొట్టారని నేనడగలేదుగా."

టీ చెప్పొస్తానని లేచాడు. ఎదురుగానే టీకొట్టు. చాలాసేపటికి గానీ రాలేదు.

"దొంగ కాగితానికి అంత అందమైన ఫాంటెందుకురా?" మెల్లగా అడిగింది.

కౌశిక్ గ్లాసులోకి చూశాడు.

"అక్షరం బాగుంటే కాగితానికి గౌరవం వస్తుందని నువ్వే అనేదానివి."

అంతే అన్నాడు.

గురువారం.

విచారణాధికారి మధుసూదనరావు ఆమె చిత్తు గీతల్ని ఒక్కొక్కటే తిరగేశాడు. ప్రతి దాని మూలలోనూ తేదీ ఉంది. పోలయ్య గోడ వారగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక బెంచీ మీద — కౌశిక్.

ఆమె రమ్మనలేదు. ఎవరు రమ్మన్నారు?

"అయితే పన్నెండులో ఈ అక్షరమే లేదంటారు."

"లేదండీ."

పోలయ్య ఊపిరి వదిలాడు. గది మొత్తానికి వినబడింది.

"మంచిదమ్మా. ఇంకొక్కటి. బయటికి రాని ఫాంటు కదా... ఎంతమందికి ఇచ్చారు?"

"ఒక్కరికేనండీ."

"పేరు?"

కౌశిక్ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. చిన్నప్పటి చూపు కాదు. కొలిచే చూపు.

అధికారి కలం కాగితం మీద ఆనింది. ఆమె చెప్పే పేరు కోసం ఆగింది.

కిటికీలోంచి గాలి కొట్టింది. బల్ల మీద కాగితాలు ఊగాయి — ఆమె అరచేత్తో వాటిని అదిమి పట్టింది...