బ్లేడు తగలని గడ్డం

ఎమ్మిగనూరు మగ్గాల సందులో పుట్టి పెరిగిన రూపకు కంపు అంటే నూలుకు రంగేసే తొట్ల కంపే. సముద్రం అవతల, ఈ ఎడారి రిఫైనరీ కాలనీలో గాలి ఇటు తిరిగితే చాలు, కుళ్ళిన గుడ్ల వాసన. వచ్చిన కొత్తలో ముక్కు మూసుకునేది. వాసన వస్తున్నంతసేపు భయం లేదు, రాకుండా పోయినప్పుడే భయపడాలని పక్కింటి లత చెప్పింది. ఆ గ్యాసు ఎక్కువైతే ముందు ముక్కునే చంపుతుందట. ఏం ఊరమ్మా ఇది, కంపు కొడితే సంతోషపడాలంట!

రూప మొగుడు మహేశ్వర్ ఆమె తల్లి గిరిజమ్మకు స్వయానా తమ్ముడు. రిఫైనరీలో వాల్వులు బిగించే పని. రూపకు రెండు కడుపులు ఈ కాలనీలోనే పోయాయి. భార్య కడుపుతో ఉంటే మొగుడు గడ్డం గీయకూడదు కదా, వీడేమో కంపెనీ రూలని రోజూ నున్నగా గీసుకుపోయాడు, అందుకే నిలవలేదని గిరిజమ్మ తేల్చేసింది. మూడోసారి నెల తప్పగానే రూప దేవరగట్టు మల్లయ్యకు మొక్కుకుంది. బిడ్డ భూమ్మీద పడేదాకా ఈయన ముఖానికి బ్లేడు తగలనివ్వను, ఆ వెంట్రుకలు నీ గట్టుమీదే ఇప్పిస్తాను అని.

గడ్డం ఉన్నవాణ్ణి గేటు దాటనివ్వరు. అయితే షిఫ్టు సూపర్‌వైజరు జయరాంది ఆదోని. మల్లయ్య మొక్కని చెప్పగానే చెంపలేసుకుని, చర్మానికేదో జబ్బని పైవాళ్ళకు సర్దిచెప్పి లోపలికి పంపాడు. మనవాడు మనవాడే అని రూప ఎంత మురిసిపోయిందో!

ఏడో నెల పడింది. గడ్డం గొంతు దాటింది. లత ఊరికే ఉండక ఇంకో మాట చెప్పింది. గ్యాసు లీకైతే పెట్టుకునే మాస్కు చర్మానికి అతుక్కోవాలట, మధ్యలో వెంట్రుకలుంటే ఆ సందులోంచి గ్యాసు దూరుతుందట. ఆ రాత్రి మొగుణ్ణి అడిగితే, బెల్టు బిగించి కట్టుకుంటానులే అని నవ్వేశాడు. కానీ ఆమె కళ్ళలోకి చూడలేదు. తల్లికి ఫోన్ చేసింది. తమ్ముడి ప్రాణం కదా, అమ్మే గీయించమంటుందని ఆశ.

“మొక్కు తప్పితే ఆయప్ప ఊరికే ఉండడు. గడ్డం మీద సెయ్యి పడనీయాకు,” అంది గిరిజమ్మ.

మరునాడు పొద్దున అతని అన్నం డబ్బా కడుతుంటే బిడ్డ గట్టిగా తన్నింది. గీసుకొని పో మామా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. డబ్బా చేతికిచ్చి తలుపేసుకుంది.

మధ్యాహ్నం సైరను మోగింది. శుక్రవారం పరీక్షకు మోగించేది కాదు, ఆపకుండా మోగింది. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతూ రూప తనను తానే తిట్టుకుంది. చచ్చినదానా, పొద్దున నోరు పడిపోయిందా నీకు? బిడ్డ కోసం మొగుణ్ణి పంపుకుంటివే! వాసన వస్తుందేమోనని గాలి ఎగపీల్చి చూసింది. ఏ వాసనా లేదు.

పొద్దు వాలుతుండగా తలుపు చప్పుడైంది. మహేశ్వరే. ముఖం నున్నగా ఉంది, దవడ కింద రెండు చోట్ల తెగి రక్తం ఎండింది. ఒక్క క్షణం ఆమె గుర్తుపట్టలేదు.

“టీ తాగినాక యాలనో భయమేసింది రూపా. కత్తిరించి, ఆడనే గీసేసినాను. ఆ మీదట లీకైంది. గడ్డం ఉన్నింటే నన్ను గుడ్డ కప్పి తెచ్చుండేవాళ్ళు. అక్కకు సెప్పాకు.”

రూప అతణ్ణి వాటేసుకుని భోరుమంది. బతికొచ్చావు, అంతే చాలంది. చెంపలు తడిమింది. తడుముతున్న చెయ్యి ఆగిపోయి, మెల్లగా కడుపు మీదికి వచ్చింది. పొద్దున డబ్బా కట్టేటప్పుడు తన్నింది. ఆ తరువాత?

“ఎప్పుడు గీసుకుంటివి మామా?”

“సెప్పినా కదా, టీ తాగినాక.”

ఆమె మంచం మీద ఎడమవైపుకు ఒరిగింది. అతను నున్నటి చెంప ఆమె కడుపుకు ఆనించి ఊపిరి బిగబట్టాడు. సైరను ఎప్పుడో ఆగిపోయింది. బయట ఒక్కో ఇంటి తలుపే తెరుచుకుంటోంది. చాలాసేపటికి అతను తలెత్తబోయాడు. ఆమె ఆ తలను మళ్ళీ కిందికి అదిమింది.

“ఇంగ రవ్వంతసేపు సూడు,” అంది.