పచ్చగీత

వడ్రంగి పెదనాన్న కుడిచేతికి లావుపాటి కట్టు. రంపం బొటనవేలి మొదట్లో దిగింది. ఎడమచేత్తో ఫోను పట్టుకుని, ఆ చేతి బొటనవేలితోనే అక్షరాలు వెతుక్కుంటూ, "మీ పూలకుండీ ముచ్చటగా ఉంది" అని రాయడానికి ఆయన పడుతున్న పాట్లు చూడలేక సూదక్క కుట్టు మిషను ఆపేసింది.

"ఇలా ఇవ్వు పెదనాన్నా, నేను రాసిపెడతాను."

"వద్దు తల్లీ. వేరే చెయ్యి పడితే పసిగడుతుందట. నాతోపాటు నువ్వూ పోతావు."

ఆయన రాసింది పంపాడు. "ఇలాంటి మాట మీరు ఇదివరకే అన్నారు, మనసుపెట్టి రాయండి" అని తిరిగొచ్చింది. జవాబిచ్చింది మనిషి కాదు, యంత్రం. ఇంకోటి రాశాడు. మరీ చిన్నదిగా ఉందంది. ఆయన నుదుటి చెమట ఫోను మీద పడింది, దాన్ని కట్టుతోనే తుడిచాడు. ఫోను తెర మీద పైన కనిపించే పచ్చగీత ఈలోగా పసుపుకి తిరిగింది, ఎర్రబడింది, ఆరిపోయింది. దాని కింద ఆయన అమ్మకానికి పెట్టిన ఎత్తుపీటలు, గూటి అరలు, బొమ్మబళ్ళు ఒక్కొక్కటే మాయమయ్యాయి. వాటి చోట ఒకే వాక్యం మిగిలింది. "అంగడి చురుకైన సభ్యులకు మాత్రమే."

ఆ గోడౌనులో ఉన్నవాళ్ళంతా ఆయన చుట్టూ మూగారు. అందరి చేతుల్లోనూ అదే ఫోను, అందరి నెత్తిమీదా అదే గీత.

రేకుల కప్పు గోడౌను అది. పాత దుప్పట్లు తెరలుగా కట్టి గదులు చేసుకున్నారు. ఒక మూల వడ్రంగి, పక్కన కుండలు చేసేవాడు, అద్దాల మీద బొమ్మలు వేసే అమ్మాయి, కిటికీ దగ్గర గుడ్డసంచులు కుట్టే సూదక్క. ఆమె చేతిలో సూది, జాకెట్టుకి సూది, పళ్ళ మధ్య సూది. ఆ పేరు పెట్టింది ఎవరో ఎవరికీ గుర్తులేదు.

ఒకప్పుడు వీళ్ళకి వీధి వైపు కొట్లుండేవి. కూడలి వచ్చాక అవి మూతబడ్డాయి. కూడలి మొదట్లో చేతిపనివాళ్ళు తమకోసం ఫోనుల్లో కట్టుకున్న రచ్చబండ. గట్టి దారం ఎక్కడ దొరుకుతుంది, జిగురు ఎందుకు పట్టడం లేదు, ఇలాంటి కబుర్లు. అక్కడే ఒకరి సరుకు ఒకరు పదిమందికి చూపించి అమ్మిపెట్టేవాళ్ళు. తర్వాత దాన్ని ఎవరో కొన్నారు. మనమంతా ఒక కుటుంబం అన్నారు. కుటుంబం అంటూనే అంగడికి తలుపు పెట్టారు. రోజూ కబుర్లు చెప్పాలి, పదిమంది పోస్టులు మెచ్చుకోవాలి, పెద్ద పెద్ద కామెంట్లు రాయాలి. అప్పుడే గీత పచ్చగా ఉంటుంది, పచ్చగా ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. కొనేవాళ్ళంతా ఆ తలుపు అవతలే ఉన్నారు. బయట ఇంకెక్కడైనా అమ్మితే శాశ్వతంగా వెలి.

మొదట్లో వీళ్ళూ ఉపాయం పన్నారు. ఒకరి సరుకు ఒకరు పొగుడుకున్నారు. గీతలన్నీ పచ్చబడ్డాయి. వెంటనే కూడలిని కొన్న పైవాళ్ళు గీత పొడవు పెంచారు, పచ్చబడాలంటే ఇంకా ఎక్కువ రాయాలి.

సూదక్క చేతులు ఎప్పుడూ మిషను మీదే కాబట్టి ఆమె పేరుతో మొదట్నుంచీ రాసేది అత్తే. కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని, గుమ్మం పక్కన కూర్చుని, ముక్కూమొహం తెలియనివాళ్ళని పొగుడుతూ ఉంటుంది. యంత్రం లెక్కలో అత్తే సూదక్క.

"ఎవరో గుమ్మటం లాంటి దీపం చేశాడే. దిష్టి తగులుతుంది, తీసి లోపల పెట్టుకో అని రాశాను. తప్పా?"

"తప్పేం లేదత్తా. పెద్దదిగా ఉందా?"

"ఉందిలే. వాళ్ళమ్మని కూడా అడిగానని రాశాను."

చెయ్యి తెగినవాడికి అది మానేదాకా గీత లెక్క ఆపమని అడగడం న్యాయమే అనుకున్నారు అందరూ. అద్దాలమ్మాయి ఉదయం కాలేజీకి వెళ్ళొచ్చి, కూర్చుని, మర్యాదగా ఒక విన్నపం రాసి కూడలిలో పెట్టింది. అందరూ కింద తమ పేర్లు చేర్చారు. టీ తాగి వచ్చేసరికి అది లేదు. దాని చోట, దాన్ని తీసేసిన కాపలాదారు పేరుంది. ఆ కాపలాదారు సూదక్క సొంత అన్నే.

అన్న కుర్చీలల్లుతాడు. వెనక వీధిలో సొంత గది. కిందటేడు కూడలివాళ్ళు అతన్ని కాపలాదారుగా ఎంచుకున్నారు. జీతం లేదు, గీత భయం మాత్రం లేదు. ఎవరి మాట ఉండాలో ఎవరిది పోవాలో చూసే పని.

ఆమె నేరుగా అతని గదికి వెళ్ళింది. అన్న నేలమీద కూర్చుని కాళ్ళ మధ్య కుర్చీ బిగించి అల్లుతున్నాడు. తలెత్తలేదు.

"పెదనాన్న చెయ్యి చూశావా అన్నా?"

"చూశాను."

"చూసే తీశావా?"

"కూడలి నియమాల గురించి కూడలిలో మాట్లాడకూడదని నియమం. నేను తీయకపోతే ఇంకొకడు తీస్తాడు. వాడు తీస్తూ మీ పేర్లు పైకి పంపిస్తాడు. నేను పంపలేదు."

"అంటే మామీద దయ తలిచావు."

"నన్నేం చెయ్యమంటావే? నాకూ పిల్లలున్నారు. ఈ కుర్చీ ఎవరికి అమ్మను, గోడకా?"

ఆమె వెనుదిరిగింది. అన్న అబద్ధమాడలేదు. అదే ఆమెకి మింగుడుపడలేదు. తిరిగొస్తుంటే వీధిలో ప్రతి తలుపు వెనకా ఎవరో ఒకరు తలొంచుకుని ఎవరినో మెచ్చుకుంటున్నారు.

ఆ సాయంత్రం గోడౌనులో తెరలన్నీ పక్కకి లాగి కూర్చున్నారు. పక్క వీధుల పనివాళ్ళు కూడా వచ్చారు. అద్దాలమ్మాయి లేచి నిలబడింది.

"వాళ్ళు బతికేది మన సరుకు మీద కాదు. మన మాటల మీద. ఇక్కడ జనం కిటకిటలాడుతున్నారని చూపించి ప్రకటనలు తెచ్చుకుంటున్నారు. పొద్దస్తమానం ఊరికే కూలి చేస్తున్నాం, ఆ కూలి పేరు కబుర్లు. అందరం నోరు మూసుకుంటే వాళ్ళ దగ్గర ఏం మిగులుతుంది?"

"మన దగ్గర ఏం మిగులుతుందో అది చెప్పు ముందు," అన్నాడు కుండలాయన. "నోరు మూస్తే తలుపు మూసుకుంటుంది. నువ్వు చదువుకునే పిల్లవి, రేపు ఇంకో పని చూసుకుంటావు. నాకు మట్టి తప్ప ఏం తెలుసు?"

"నేనూ అద్దాలమ్మే ఫీజు కట్టుకుంటున్నాను బాబాయ్."

"అయితే నీకే తెలియాలి."

"మాట్లాడితే చస్తున్నాం, మానేస్తే చస్తాం," అన్నారెవరో వెనక నుంచి. గోల మొదలైంది. ఇంకోసారి విన్నపం పెడదామని ఒకరు, వడ్రంగికి చందా వేసి ఊరుకుందామని ఒకరు. వడ్రంగి పెదనాన్న కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తన గొడవ కాదన్నట్టు కూర్చున్నాడు.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి అత్త గొంతు వినిపించింది. పెద్దగా అనలేదు.

"పొద్దున్నించీ ఊరందరినీ పొగిడి పొగిడి, ఇంట్లో కోడలితో ఒక మంచి మాట అనడానికి నాకు మాటలుండటం లేదర్రా. మావాడు పనిమీద వేరే ఊరు పోయి ఫోను చేస్తే, బాగుంది బాగుంది అంటున్నాను. ఏం బాగుందమ్మా అని వాడు నవ్వుతాడు. నాకు నవ్వు రావడం లేదు."

సూదక్క వెళ్ళి అత్త చేతిలోంచి ఫోను తీసుకుంది. ఆ పేరుతో ఆమె తన వేళ్ళతో రాయడం అదే మొదటిసారి.

"మా వడ్రంగి చెయ్యి తెగింది. అందుకని ఆయన కొట్టు మూశారు. ఈ గీత తీసేసేదాకా నేనిక్కడ మాట్లాడను, ఎవరినీ మెచ్చుకోను. మీ వేళ్ళు కూడా ఎప్పుడో ఒకప్పుడు తెగుతాయి. నాతో ఉండేవాళ్ళు మాట్లాడకుండా ఊరుకోండి."

పంపింది. "ఇది మీరు రాసినట్టు లేదు. మీరేనా?" అని అడిగింది యంత్రం. కింద రెండు గుర్తులు. ఆమె "నేనే" అన్న గుర్తు నొక్కింది.

ఆ మాట మీద అన్న చెయ్యి పడేలోపు చాలామంది చదివేశారు. ఎవరు ఎక్కడికి పంచారో తెలియదు. మర్నాటికి కూడలి పలచబడింది. ఆ తర్వాత నిలబడిపోయింది. ఎవరో పెట్టిన దుప్పటి బొమ్మ కింద ఒక్క మాటా లేదు. ఊళ్ళకి ఊళ్ళు ఊరుకున్నాయి.

ఊరుకోవడం తేలిక పనికాదు. గీతలు ఆరిపోయాయి. కుట్టిన సంచులు కిటికీ ఎత్తుకి పేరుకుని గదిలో వెలుతురు తగ్గింది. అయినా చేతులు ఊరుకోవు కదా, సూదక్క కుడుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం కుండలాయన తెర వెనక ఫోను మీద వేళ్ళ టకటక వినిపించింది. తెర లాగితే పట్టుబడతాడు. అద్దాలమ్మాయి లేవబోయింది. సూదక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆయన పొయ్యి వెలిగి ఎన్నాళ్ళయిందో ఆమెకి తెలుసు. కాసేపటికి టకటక ఆగింది. ఆయన బయటికొచ్చి ఎవరి మొహమూ చూడకుండా మట్టి తొక్కడం మొదలుపెట్టాడు.

పైవాళ్ళు తెలివైనవాళ్ళు. వడ్రంగికి "ప్రత్యేక దయతో" అంగడి తెరిచారు. ఆయన పీటలు, బళ్ళు మళ్ళీ ప్రత్యక్షమయ్యాయి. మిగతావాళ్ళు మాట కలిపితే వాళ్ళకీ తెరుస్తామన్నారు.

"అడిగింది ఇచ్చారుగా," అన్నారు కొందరు. "ఇంక పంతమెందుకు?"

వడ్రంగి పెదనాన్న ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత ఎడమచేత్తో తన సరుకు తనే ఒక్కొక్కటిగా తీసేశాడు. ప్రతిదానికీ "నిజంగా తీసేయాలా?" అని అడుగుతోంది. ప్రతిసారీ అవునన్నాడు.

"నా ఒక్కడికీ తలుపు తీసి మీ మొహాల మీద వేస్తారా? ఆ అంగడి నాకొద్దు," అన్నాడు.

అన్న గోడౌనుకి వచ్చింది ఆ మర్నాడే. మొహం పీక్కుపోయింది. నిలబడే చెప్పాడు.

"నిన్ను వెలివెయ్యమన్నారు చెల్లీ. క్షమాపణ రాస్తే ఉంచుతారు. రెండు ముక్కలు రాయి. నేను దిద్దిపెడతాను."

"ఏమని రాయను?"

"ఏదో ఒకటి. తెలియక అన్నానని."

"తెలిసే అన్నాను."

"వెలివేస్తే మళ్ళీ రానివ్వరు. ఏ పేరుతోనూ రానివ్వరు. ఎలా బతుకుతావు?"

"తెలియదు," అంది సూదక్క. నిజంగానే ఆమెకి తెలియదు. "నొక్కు అన్నా. ఇంటికెళ్ళి కాదు. నా ఎదురుగా నొక్కు."

అత్త లేచొచ్చి కోడలి పక్కన నిలబడింది. అన్న ఇద్దరినీ చూశాడు. కుర్చీలల్లి కాయలు కాసిన వేలు తెర మీద పెట్టాడు. నొక్కాడు.

అత్త ఫోనులో సూదక్క పేరు బూడిదరంగుకి తిరిగింది. ఇన్నేళ్ళ పొగడ్తలు, దిష్టి జాగ్రత్తలు, వాళ్ళ అమ్మల క్షేమాలు అడిగిన మాటలు అన్నీ చెరిగిపోయాయి. అత్త కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

తెర పక్కకి జరిగిన శబ్దమైంది. కుండలాయన మట్టిచేతులు లాల్చీకి తుడుచుకుంటూ వచ్చాడు. సూదక్క రాసిన మాటే, అక్షరం పొల్లుపోకుండా, తన పేరుతో కూడలిలో రాశాడు. ఫోను పైకెత్తి అన్నకి చూపించాడు.

అన్న చేతిలో ఫోను గుర్రుమంది. వెలివెయ్యమని కుండలాయన పేరొచ్చింది. ఆ పేరు చదివేలోపు ఇంకోసారి గుర్రుమంది, అద్దాలమ్మాయి. తర్వాత వడ్రంగి. తర్వాత అతనెన్నడూ వినని పేర్లు, చూడని ఊళ్ళు. కుండలాయన రాసింది చూసి అందరూ అదే మాట రాస్తున్నారు. ఫోను ఆగడం లేదు.

అన్న వేలు గాల్లో నిలిచిపోయింది.

"నొక్కవయ్యా," అన్నాడు కుండలాయన, అతనికి అడుగు దూరంలో నిలబడి. "ఎంతమందిని నొక్కుతావో మేమూ చూస్తాం."

ఒక్కొక్కరే పనులు వదిలేసి వచ్చి అతని చుట్టూ నిలబడ్డారు.