పన్నెండు ప్రయోగాలు

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా సైన్సు చెప్పబోయేవాళ్లు మా శిక్షణ కాలేజీలో పన్నెండు ప్రయోగాలు సొంత చేతులతో చెయ్యాలి. రూలు అది. చేశారని రికార్డు పుస్తకంలో సంతకం పెట్టాల్సింది నేను. ల్యాబులో ఒక్క కుళాయీ పనిచెయ్యదు. సగం బల్లల మీద ఆఫీసువాళ్ల పాత కాగితాల కట్టలు. ఏం చేయించను, నా తలకాయ! పై బ్యాచీ రికార్డులు చూసి కింది బ్యాచీ రాసేది, నేను కళ్లు మూసుకుని సంతకాలు గీకేసేదాన్ని. పదిహేనేళ్లు అలాగే నడిచింది.

ఈ ఏడు ఒక్కతే అడిగింది. బక్కపలచని పిల్ల, ఒక్కచోట నిలవదని అందరూ తూనీగ అనేవాళ్లు.

“మేడమ్, యాసిడ్ పలచన చేసేది ఒక్కసారి చేసి చూపించరా? నాకు భయంగా ఉంది.”

“రాశావుగా? రాసింది చదువుకో తల్లీ, నా ప్రాణం తియ్యకు,” అన్నాను.

చదువుకుంది పాపం. యాసిడ్‌నే నీళ్లలో పోయాలని, నీళ్లు యాసిడ్‌లో పోయకూడదని తన చేత్తోనే రాసుకుంది కూడా. కానీ టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లిన బడిలో, నలభై మంది పిల్లల ముందు కంగారుపడింది. గాఢమైన యాసిడ్‌లో నీళ్లు గుమ్మరించింది. అది సలసలమని ఎగజిమ్మింది. ముందు బెంచీలో ఉన్న ఒక పాపకు కుడి కన్ను పోయింది.

ప్రిన్సిపాల్ గదిలో విచారణ పెట్టారు. పాప తల్లి కుర్చీ వేసినా కూర్చోలేదు. విచారణకు వచ్చిన అధికారి రికార్డు తెరిచి నా సంతకం చూపించాడు.

“ఈ ప్రయోగం ఈ అమ్మాయి చేత చేయించారా?”

లేదంటే నా ఉద్యోగం ఊడుతుంది. అవునంటే తూనీగ ఈ జన్మలో టీచరు కాలేదు.

“చేయించాను,” అన్నాను. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి!

ఆయన తూనీగను అడిగాడు. ఆమె పాప తల్లి వైపే చూస్తోంది.

“నిజమే సార్. మేడమ్ రెండుసార్లు చూపించారు. తప్పు నాదే.”

తన మాట ఎవరు నమ్ముతారనుకుందో, ఆ కన్ను పోయాక ఇంకేమైనా ఒకటే అనుకుందో నాకు తెలీదు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. సిగ్గులేని ప్రాణం.

బయటికొచ్చాక పాప తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది.

“అంత బాగా నేర్పినా వినకపోతే మీరేం చేస్తారమ్మా? మీరు మనసు కష్టపెట్టుకోకండి.”

పెట్టుకోనని తల ఊపాను.