నిలబడ్డ యూనిఫారాలు

రండి, దగ్గరికి జరగండి. వెనకాల గుసగుసలు ఆపండమ్మా, నీళ్ళ సంగతి చెప్తున్నా. అబద్ధమనిపిస్తే చివర్లో కొట్టండి, మధ్యలో మాత్రం లేవకండి.

బట్టలుతికేవాళ్ళ వీధిలో నురగమ్మ అని ఒకావిడ. ముంజేతి మీద సబ్బు రుద్ది, రెండు చుక్కలు పోసుకుని, నురగ చూసి అవి ఏ బావి నీళ్ళో చెప్పేసేది. ఆ ఉదయం బాలింత కోడలు దాహమంది. వీధిలో మిగిలిన ఒకే ఒక్క మంచినీళ్ళ బావిలోంచి నురగమ్మ చేద లాగింది. చేతి మీద సబ్బు రుద్దింది. నురగ లేవలేదు. పాలు విరిగినట్టు తెల్లటి ముక్కలు తేలాయి. అంతకుముందు మూడు బావులు ఇలాగే చచ్చాయి.

గోడ అవతల, నీళ్ళని కరెంటుతో చీల్చి గ్యాసు తీసే ఫ్యాక్టరీ. ఆమె మరిది అందులోనే పని. నురగమ్మ వీధినంతా పోగేసి అతన్ని మధ్యలో కూర్చోబెట్టింది.

"చెప్పవయ్యా, మా నీళ్ళనేం చేశారు?"

"కిలో గ్యాసుకి తొమ్మిది లీటర్ల శుద్ధమైన నీళ్ళు కావాలి వదినా. బోరు నీళ్ళు శుద్ధిచేశాక మిగిలిన ఉప్పునీళ్ళు మనవైపు గుంటలోకి వదుల్తారు, అవి ఇంకి మన బావుల్లోకి దిగుతాయి. పైన కిలోకి యాభై యూనిట్ల కరెంటు."

"అందుకా మన మోటారు గంటైనా తిరగదు," అన్నాడు ఇస్త్రీ ముసలాయన. "పోనీ ఆ గ్యాసు మన పొయ్యిలోకొస్తుందా?"

"ఓడెక్కి పరదేశం పోతుంది. అక్కడ గాలి శుభ్రంగా ఉండాలంట."

"వాళ్ళ గాలి ఉతికేది మన నీళ్ళతోనన్నమాట," అంది నురగమ్మ.

"నీళ్ళు బాగున్నాయని మేనేజరు దగ్గర ల్యాబు కాగితముంది. నోరెత్తితే నా ఉద్యోగం ఊడుద్ది."

"నీ ఉద్యోగంతో పసిదాని గొంతు తడుస్తుందా?"

మరిది తల దించుకున్నాడు. నురగమ్మకీ దారి తెలీదు. ఏడ్చే ఓపిక కూడా లేదు. ఎదురుగా ఉతకడానికొచ్చిన ఫ్యాక్టరీవాళ్ళ యూనిఫారాల మూటలు కనిపించాయి. రెండు వందలు, పైనుంచి కిందిదాకా ఒకటే కుట్టు.

"ఆ కాగితాన్నే నమ్ముదాం," అందామె. "గుంట నీళ్ళలోనే ఉతుకుదాం. పిండొద్దు, జాడించొద్దు."

మూడు రోజులు ముంచారు, ఎండేశారు, మళ్ళీ ముంచారు. ఈలోగా కోడలికి పాలు తగ్గాయి. మూడోనాడు ఎండకి ఉప్పు గట్టిపడి, లోపల మనిషి లేకుండానే యూనిఫారాలు నిటారుగా లేచి నిలబడ్డాయి. నా మీద ఒట్టు, ఒకటైతే చెయ్యి కూడా ఎత్తింది.

వాటిని మోసుకెళ్ళి ఫ్యాక్టరీ గేటు ముందు వరసగా నిలబెట్టారు. మేనేజరు వచ్చి ఒకదాన్ని గోకాడు.

"ఉతకడం మర్చిపోయారా? ఇంత ఉప్పేంటి?"

"మీ కాగితంలో లేని ఉప్పేనయ్యా," అంది నురగమ్మ. "గుంటలోకి వదలడం ఆపండి. అప్పటిదాకా ఇవి కదలవు."

షిఫ్టు గంట మోగింది. మరిది వచ్చి వదిన పక్కన నిలబడ్డాడు. "ఇవి తొడుక్కుని ఇవాళ ఎవడూ లోపలికి పోడు," అన్నాడు. వెనకున్న పనివాళ్ళు ఆగిపోయారు.

పోలీసు వ్యాను వచ్చింది. ఇద్దరినీ ఎక్కించారు.

"కోడలికి నీళ్ళు..." అంది నురగమ్మ వ్యాను కిటికీ జాలీలోంచి.

"మేం మోసుకొస్తాం. నువ్వు వెళ్ళిరా," అన్నాడు ఇస్త్రీ ముసలాయన, ఆమె వదిలిన చోట నిలబడుతూ. ఆడవాళ్ళు యూనిఫారాల మధ్యలోకి దూరారు. ఎవరిని లాగాలో, దేన్ని లాగాలో పోలీసులకి పాలుపోలేదు.

వ్యాను కదులుతుంటే, దారిన పోయేవాడొకడు సైకిలు దిగి చిట్టచివరి యూనిఫారం వెనకాల నిలబడటం నురగమ్మ చూసింది. వాడు దాని భుజం తట్టాడు.

"అన్నా, ఈ లైను దేనికి?"

జవాబు రాలేదు.

"చెప్పకపోతే మానెయ్. మన ముందు మాత్రం ఎవర్నీ దూరనివ్వకు."